గోగునార ఎవరు కొంటారు?

— తృతీయ బి.ఎస్సి. విద్యార్థి

గోగు అనగానే మన హాస్టల్ మిత్రులందరికీ నోరూరుతుంది. వేడి అన్నం, గోంగూర పచ్చడి, నంజుకోడానికి ఓ ఉల్లిపాయ! అంతకు మించి ఆ మొక్కకు ఇంకో జీవితం వుందని మనలో ఎంతమందికి తెలుసు? ఆకు కోసుకుని తినేసే ఆ మొక్కనే కొయ్యకుండా వదిలేస్తే మనిషి నిలువును దాటి పెరుగుతుంది. దాని బెరడులో నార వుంటుంది. ఆ నార మీద మా ఇంట్లో మూడు తరాలు బతికాయి. నా మొదటి రెండేళ్ళ ఫీజు కట్టింది కూడా ఆ నారే. మూడో ఏడు ఫీజు మాత్రం అప్పు తెచ్చి కట్టారు. ఎందుకో చెబుతాను.

మాది విజయనగరం జిల్లాలో ఓ మెట్ట గ్రామం. మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మా అయ్య అటక మీంచి గోగువిత్తనాల కుండ దించాడు. "ఈ యేడు ఇంక ఎయ్యన్రా. ఇత్తనం ఎవులికైనా ఇచ్చెయ్యాల" అన్నాడు. నాకు గుండెల్లో ఏదో కలుక్కుమంది. కెమిస్ట్రీ చదువుతున్నవాణ్ణి కదా, తెలిసిందంతా ఏకరువు పెట్టాను. "అయ్యా, ఇప్పుడు నారని ప్లాస్టిక్‌లో కలుపుతున్నారు. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్కు! జపాన్‌లో టెలిఫోన్లు చేశారు, కార్ల భాగాలు చేశారు" అన్నాను. అయ్య చుట్ట ఆర్పేసి, అంతా ఓపిగ్గా విన్నాడు. విని ఒకే ఒక్క మాట అడిగాడు.

"బాగానే వుందిరా. మరి ఎవుడు కొంతాడు?"

నా దగ్గర జవాబు లేదు. పరీక్షలో తెలియని ప్రశ్న వస్తే వదిలేసి తర్వాత ప్రశ్నకు పోతాం. ఇది అలా వదిలేసే ప్రశ్న కాదు. ఈ వ్యాసం ఆ జవాబు వెతుక్కుంటూ రాసిందే.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. నార కలిపిన ప్లాస్టిక్ గురించి ఏ పుస్తకం తిరగేసినా మొదట కనబడే మాట ‘హెంప్’. అసలు హెంప్ అంటే గంజాయి జాతి మొక్క. మత్తు పదార్థం అతి తక్కువగా వుండే రకాల్ని నార కోసం, విత్తనం కోసం విదేశాల్లో పెంచుతారు. ఐతే ఆంగ్లేయులు నారనిచ్చే మొక్క ఏది కనబడినా దానికి ఈ తోకే తగిలించారు. మన జనుము ‘సన్ హెంప్’ అయింది. కిత్తనార ‘సిసల్ హెంప్’ అయింది. ఫిలిప్పైన్స్‌లో పెరిగే అరటి చుట్టం ‘మనీలా హెంప్’ అయింది. మన గోగు ‘డెక్కన్ హెంప్’ అయింది! వీటిలో ఒకదానికొకటి చుట్టరికం లేదు. జనుము చిక్కుడు కుటుంబానిది. గోగు బెండ, పత్తి కుటుంబానిది. శాస్త్రజ్ఞులు గోగుకు పెట్టిన పేరు ‘హైబిస్కస్ కన్నాబినస్’. ఆకు చూడడానికి గంజాయి ఆకులా వుంటుందని ఆ పేరు. పాపం, పోలిక తప్ప దానికి ఏ పాపమూ తెలియదు. దీని తోబుట్టువు ‘హైబిస్కస్ సబ్దరిఫా’. రెంటినీ నార కోసం వేస్తారు. ప్రపంచం మొదటిదాన్ని ‘కెనాఫ్’ అంటుంది, మన జూట్ వ్యాపారులు రెంటినీ ‘మెస్తా’ అంటారు. భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కి విదేశాలకు పోయింది గనుక ‘బిమ్లీ జూట్’ అని ఇంకో పేరు. ఇన్ని పేర్లున్న మొక్కకు కొనేవాడు లేకపోవడమే విచిత్రం!

మరి అసలు గంజాయి జాతి హెంపే వేసుకోవచ్చు కదా అని ఓ మిత్రుడు అడిగాడు. 1985లో వచ్చిన మత్తు పదార్థాల చట్టం ప్రకారం నార కోసం, విత్తనం కోసం ఆ పంట వేసుకోడానికి ప్రభుత్వాలు అనుమతి ఇవ్వవచ్చు. 2018లో ఉత్తరాఖండ్ అలాంటి అనుమతులు మొదలుపెట్టింది కూడా. కానీ మన ఏజెన్సీ ప్రాంతం సంగతి అందరికీ తెలుసు. గంజాయి పేరు చెప్పి ఎంతమంది కూలివాళ్ళు జైళ్ళకెళ్ళారో పత్రికల్లో చదువుతూనే వున్నాం. ఏ రైతు పొలంలో ఏ రకం మొక్క వుందో ప్రయోగశాలలో పరీక్షిస్తే తప్ప తేలని పంటని ఇక్కడ వెయ్యమనే ధైర్యం నాకు లేదు. అవసరమూ లేదు. పోలీసు భయం లేని నార మన పెరట్లోనే వుంది కదా!

ఇక అసలు సంగతికొద్దాం. ప్లాస్టిక్‌లో నార ఎందుకు కలపాలి?

పల్లెటూళ్ళో పుట్టినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. గోడకి మట్టి తొక్కేటప్పుడు అందులో గడ్డి కలుపుతారు. ఉత్తి మట్టిగోడ ఎండకి బీటలిస్తుంది. గడ్డి కలిస్తే ఆ బీటని పట్టి ఆపుతుంది. ప్లాస్టిక్‌లో నార చేసే పని కూడా అదే. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్కులు కొన్ని వున్నాయి. మొక్కజొన్న, చెరుకు వంటివాటి చక్కెరని పులియబెట్టగా వచ్చే లాక్టిక్ ఆమ్లంతో చేసే పి.ఎల్.ఏ. ఒకటి. కొన్ని బాక్టీరియాలు మనం కొవ్వు దాచుకున్నట్టు తమ ఒంట్లో దాచుకునే పి.హెచ్.బి. ఇంకొకటి. దీన్ని 1926లోనే లెమోయిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుక్కున్నాడు. ఉత్త పిండిపదార్థానికి నీరు, గ్లిజరిన్ కలిపి వేడిమీద చేసేది మూడోది. ఈ మూడింటికీ లోపాలున్నాయి. పి.ఎల్.ఏ. పెళుసు, అరవై డిగ్రీల వేడి దగ్గరే మెత్తబడిపోతుంది. పి.హెచ్.బి. కూడా పెళుసే, పైగా ఖరీదు ఎక్కువ. పిండి ప్లాస్టిక్ నీళ్ళు తగిలితే నీరసించిపోతుంది. వీటిలో సన్నగా తరిగిన నార కలిపితే బిగువు పెరుగుతుంది, ఖరీదైన సరుకు తక్కువ పడుతుంది. ఇదివరకు ఇలాంటి పనికి గాజునార వాడేవారు. గాజు సాంద్రత రెండున్నర, మొక్కనార సాంద్రత ఒకటిన్నర. అంటే వస్తువు తేలికవుతుంది. గాజు మట్టిలో కలవదు, నార కలుస్తుంది.

చెప్పినంత సుళువు కాదు లెండి. నారలో ముఖ్యభాగం సెల్యులోజు. దానికి నీరంటే ప్రాణం. పి.ఎల్.ఏ. వంటివాటికి నీరంటే గిట్టదు. ఈ రెంటికీ పెళ్ళి చెయ్యడం కష్టం! నార సరిగా అంటుకోకపోతే లాగినప్పుడు ఒరలోంచి కత్తిలా జారి వచ్చేస్తుంది. అందుకని నారని ముందు కాస్టిక్ సోడా నీళ్ళలో వుంచి, పైనున్న జిగురూ మైనమూ వదలగొట్టి, కడిగి, బాగా ఎండబెట్టాలి. తడి మిగిలితే కరిగించేటప్పుడు ప్లాస్టిక్ గొలుసులే తెగిపోతాయి. వేడి రెండు వందల డిగ్రీలు దాటితే నార మాడిపోతుంది. పి.ఎల్.ఏ. ఆ లోపలే కరగడం మన అదృష్టం.

జపాన్‌వాళ్ళు ఈ ఇబ్బందులన్నీ దాటారు. 2003లో టొయోటా కంపెనీ ‘రౌమ్’ అనే కారులో స్పేర్ టైరు మూతని పి.ఎల్.ఏ., కెనాఫ్ నార కలిపి చేసింది. 2006లో ఎన్.ఇ.సి. కంపెనీ అదే మిశ్రమంతో సెల్‌ఫోన్ పైడొక్కు చేసి అమ్మింది. కెనాఫ్ అంటే ఏదో అనుకునేరు, గోగే! మనం పచ్చడి చేసుకుని ఊరుకున్న మొక్క అక్కడ టెలిఫోనైంది. బంగ్లాదేశ్‌లో ముబారక్ అహ్మద్ ఖాన్ అనే శాస్త్రజ్ఞుడు జనపనార సెల్యులోజుతో ‘సోనాలి బ్యాగ్’ అనే సంచి తయారుచేశాడు. మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో గోగు వంగడాల మీద పనిచేసే వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఎప్పట్నుంచో వుంది. విత్తనం మనది, నేల మనది, పరిశోధనా కేంద్రం మనది. లేనిది ఒక్కటే, మా అయ్య అడిగినది.

ఇక్కడ ఓ మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ‘నార కలిసింది గనుక ఇది ప్రకృతికి నేస్తం’ అని ముద్రవేసి అమ్మే సరుకంతా నమ్మతగినది కాదు. ఐరోపా కార్ల తలుపుల లోపలి పలకల్లో హెంపు, అవిసె, కెనాఫ్ నారలు చాలాకాలంగా వాడుతున్నారు. కానీ వాటిలో ఎక్కువభాగం పాలీప్రొపిలీన్‌తో కలిపినవి. అందులో కుళ్ళేది నార ఒక్కటే. ప్లాస్టిక్ ముక్కలు ముక్కలై మిగులుతుంది. కారు తేలికపడితే మంచిదే, కాదనను. కానీ దాన్ని ‘మట్టిలో కలిసే వస్తువు’ అంటే అది అబద్ధం. పి.ఎల్.ఏ. సంగతైనా అంతే. అది కలిసిపోవాలంటే యాభై ఎనిమిది, అరవై డిగ్రీల వేడి పుట్టే పెద్ద కంపోస్టు కుప్ప కావాలి. మా ఊరి గెడ్డలోనో, విశాఖ సముద్రంలోనో పారేస్తే ఏళ్ళ తరబడి అలాగే వుంటుంది. దేశంలో 2022 జులై 1 నుంచి కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించారు. దాని తర్వాత ‘కంపోస్టబుల్’ అని రాసిన సరుకు సందుసందుకీ వచ్చింది. కుప్ప ఎక్కడుందో, ఆ కుప్పకి దీన్ని చేర్చేదెవరో మాత్రం ఆ సంచి మీద రాసి వుండదు! వైద్యుడు మందు రాసిచ్చి, అది దొరికే కొట్టు చెప్పకపోతే రోగికేం లాభం?

మా అవ్వ ఇంకో ప్రశ్న వేసింది. "గోనిసంచి వుండగా మళ్ళీ పలాస్టీకులో నార కలపడమేటి?" నవ్వుకుంటాం గానీ, అందులో నిజం వుంది. సంచికి సంచే కావాలంటే గోనె చాలు. ఒకప్పుడు సిమెంటు, ఎరువులు గోనెల్లోనే వచ్చేవి. అవి ప్లాస్టిక్ సంచుల్లోకి మారాయి. 1987లో జూట్ సంచుల నిర్బంధ వినియోగ చట్టం తెచ్చినందువల్ల ధాన్యం గోనెలైనా మిగిలాయి. ఐనా మా జిల్లాల్లో మిల్లులు ఒక్కొక్కటే తలుపులు మూశాయి. ఒక్క గోనె మీదే ఆధారపడిన పంట ఏమవుతుందో మా అటక మీది కుండని అడిగితే చెబుతుంది. కావున నార ప్లాస్టిక్ అనేది గోనెకు పోటీ కాకూడదు. గోనె చెయ్యలేని పనికి, అంటే అచ్చులో పోసి ఆకారం తియ్యాల్సిన వస్తువుకి, అదీ చివరికి మట్టిలోకే పోయే వస్తువుకి అది కావాలి.

అలాంటి వస్తువేది? నా అభిప్రాయంలో నర్సరీ కుండీ.

కడియం వైపు ప్రయాణం చేసినవాళ్ళందరూ చూసేవుంటారు. రోడ్డుకిరువైపులా పచ్చని మొక్కలు, ప్రతి మొక్క అడుగునా ఓ నల్ల పాలిథిన్ సంచి. మొక్క నాటేటప్పుడు ఆ సంచి చింపి పారేస్తాం. లేదా బద్ధకించి సంచితోనే పాతేస్తాం, వేరు చుట్టుకుపోయి మొక్క చస్తుంది. 2022 నిషేధపు జాబితాలో గరిటెలు, గ్లాసులు, స్ట్రాలు వున్నాయి గానీ ఈ నర్సరీ సంచి పేరు కనబడదు. ఈ సంచి పోయే చోటు మట్టి. కంపోస్టు కుప్పకి మోసుకుపోనక్కర్లేదు. మట్టిలోనే కుళ్ళే సరుకుతో చేస్తే కుండీతో సహా నాటెయ్యవచ్చు!

ఉత్త మాటలెందుకని నేనూ, నా ఇద్దరు క్లాస్‌మేట్లూ చేసి చూశాం. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో కర్రపెండలం నుంచి తీసే సగ్గుబియ్యం పిండి తెచ్చాం. పిండి, నీళ్ళు, గ్లిజరిన్ కలిపి అంబలిలా కాచాం. ఇంటినుంచి తెచ్చిన నారని అర అంగుళం ముక్కలుగా కత్తిరించి కలిపాం. రెండు స్టీలు గ్లాసుల మధ్య పోసి, ఆరబెట్టి, కుండీలు తీశాం. నార లేని కుండీలు ఆరేటప్పుడే బీటలిచ్చాయి. నారవున్నవి గట్టిగా నిలిచాయి, మా హాస్టల్ వంటమనిషి చేతిలోంచి జారి కిందపడినా పగల్లేదు. పిండీ, సెల్యులోజూ ఒకే చక్కెరతో అల్లిన గొలుసులు గనుక అవి ఒకదాన్నొకటి బాగానే పట్టుకుంటాయి. కాస్టిక్ సోడా బాధ కూడా లేదు.

గెలిచామనుకున్నాం. మట్టి నింపి, బంతిమొక్క పెట్టి, రోజూ నీళ్ళు పోశాం. ఎనిమిదో రోజుకి కుండీలు తడిసిన అట్టపెట్టెల్లా కూలబడ్డాయి! మళ్ళీ చేసి ఈసారి పైన తేనెమైనం పూశాం. మూడువారాలు నిలిచాయి. నర్సరీవాడికి కావలసింది మూడు వారాలు కాదు, నెలలు. కాబట్టి మా కుండీ ఓడిపోయింది. దాచిపెట్టడమెందుకు? కానీ ఎక్కడ ఓడిపోయిందో తెలిసింది. పైపూత దగ్గర ఓడింది, నార దగ్గర కాదు. లోపల పిండీ నారా వుంచి, పైన మట్టిలో కుళ్ళే పి.హెచ్.బి. వంటిదాని పలచని పొర వేస్తే? ఆ ప్రశ్నకి మా గ్లాసులూ, స్టవ్వూ చాలవు. ఓ డిపార్టుమెంటు కావాలి. అందుకే ఈ వ్యాసం.

కొందరు అధ్యాపకులు అనవచ్చు: "నాయనా, కుండీలు చేస్తే ప్రపంచపు ప్లాస్టిక్ సమస్య తీరుతుందా?" తీరదండీ. నేనూ అలా అనడం లేదు. వాడకం తగ్గించుకోకుండా ఏ నారా మనల్ని గట్టెక్కించదు. ఇంకొందరు, "తిండిపంట వెయ్యాల్సిన నేలలో నారపంట ఎందుకు?" అంటారు. మా మెట్టలో గోగు మానేసినవాళ్ళు వేసింది వరి కాదు. కొందరు కోళ్ళ మేతకి పోయే మొక్కజొన్న వేశారు, కొందరు కాగితం మిల్లుకి పోయే నీలగిరి నాటారు. నీలగిరి తోటకి కాపలా అక్కర్లేదు, కూలి అక్కర్లేదు, చివరికి రైతే అక్కర్లేదు! గోగుకి వాననీరు చాలు. మేనెలలో వేస్తే దసరా వేళకి చేతికొస్తుంది.

ఐతే కష్టం లేదనను. కోసి, మోపులు కట్టి, ఆకు రాల్చి, చెరువులో ముంచి, పైన బరువులు పెట్టి పదిహేను ఇరవై రోజులు ఊరవెయ్యాలి. నీళ్ళలోని బాక్టీరియాలు నారని పుల్లకి అతికించే పెక్టిన్‌ని తినేస్తాయి. ఆ తర్వాత నడుంలోతు మురుగునీళ్ళలో నిలబడి ఒక్కో కాడకీ నార ఒలవాలి. ఆ వాసన పదిరోజులు ఒంటిని వదలదు. మా అమ్మ చేతివేళ్ళ సందులు ఒరిసిపోయి పుళ్ళు పడేవి. ఆ చేతులు చూసినవాణ్ణి గనుక ‘రైతులారా, గోగు పండించండి’ అని నినాదం ఇవ్వలేను. ఇప్పుడు వానలు సరిగా లేక చెరువులో ఆ నీళ్ళైనా నిలవడం లేదు. పచ్చికాడ మీదే యంత్రంతో పట్టెలుగా బెరడు ఒలిచి, చిన్న తొట్టిలో ఊరవేసే పద్ధతి వుంది. నీళ్ళు తక్కువ పడతాయి, మనిషి మురుగులో దిగక్కర్లేదు. ఆ యంత్రం మా పంచాయతీకి ఒక్కటి రానివ్వండి. నార ప్లాస్టిక్ గొప్పదని పొగిడేవాళ్ళు ముందు నార ఒలిచే చేతుల గురించి ఆలోచించాలి. లేకపోతే భూమిని కాపాడామని పట్నంలో చప్పట్లు, మా చెరువులో మా అమ్మకి పుళ్ళు!

చివరిగా మా అయ్య ప్రశ్న. ఎవరు కొంటారు?

ఏ కంపెనీయో వస్తుందని ఎదురుచూడ్డం వానకోసం కప్పల పెళ్ళి చెయ్యడం లాంటిది. మొదటి కొనుగోలుదారు మనమే ఎందుకు కాకూడదు? ప్రతియేటా వనమహోత్సవానికి మన యూనియన్ వందల మొక్కలు కొంటుంది. నాటిన మర్నాడు గ్రౌండంతా నల్లసంచులు ఎగురుతుంటాయి. వాటిని ఏరే పని ఎన్.ఎస్.ఎస్. తమ్ముళ్ళది! వచ్చే యేడు అందులో ఓ వంద మొక్కలు మన కళాశాలలోనే చేసిన నారకుండీల్లో పెంచుదాం. కెమిస్ట్రీ వాళ్ళు పూత సంగతి చూడాలి. బోటనీ వాళ్ళు వేరు సంగతి, మైక్రోబయాలజీ వాళ్ళు కుళ్ళే సంగతి చూడాలి. కామర్సు మిత్రులు ఒక్కో కుండీ ఎంత పడిందో నిక్కచ్చిగా లెక్క కట్టాలి. లెక్క తేలకపోతే తేలలేదని వచ్చే సావనీర్‌లో రాద్దాం. తేలితే ఆ కాగితం పట్టుకుని అటవీశాఖ నర్సరీకి, మునిసిపాలిటీకి, కడియం రైతులకి వెళదాం. ఈ రాష్ట్రంలో యేటా కోట్ల మొక్కలు నాటుతామనే ప్రభుత్వాలకి కుండీలు కొనడం పెద్దపని కాదు. పూర్వవిద్యార్థులలో పెద్ద ఉద్యోగాల్లో వున్నవారెందరో ఈ పేజీ చదువుతారు. వారికి నా మనవి: ఓ నార ఒలిచే యంత్రం, ఓ చిన్న అచ్చు. అంతకుమించి అడగను.

ఇందులో నా స్వార్థం వుందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. వుంది. మా కుండలోని విత్తనం కలకాలం వుండదు. ఒకటి రెండేళ్ళు నేలలో పడకపోతే మొలకశక్తి పోతుంది. ఆ తర్వాత ఎవరొచ్చి కొంటామన్నా మా దగ్గర ఏమీ వుండదు.

పోయిన ఆదివారం ఇంటికి ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను. వంద కుండీలకి ఎంత నార కావాలని అడిగాడు అయ్య. నాలుగైదు కేజీలు చాలన్నాను. పెద్దగా నవ్వాడు. "నాలుగు కేజీలకి పొలమేటిరా, పెరడు చాలు" అన్నాడు. కాసేపాగి, "సరే, ఇత్తనం ఎవులికీ ఇవ్వన్లే. ఓ పాతిక సెంట్లు నీ పేరు మీద ఎయ్యిస్తాను. నార తియ్యడానికి మాత్రం దసరాకి నువ్వే రావాల" అన్నాడు.

వెళతాను. చెరువులో దిగుతాను. దసరా తర్వాత నా ఒంటికి ఆ వాసన వస్తే మిత్రులు ముక్కు మూసుకోకండి. అది మన వంద కుండీల వాసన.